వదిలేసే చేపకు అనుమతి లేదు

జనం గుంపులుగా చేరకూడదు అనే నియమం రాయడానికి మా గోదాములో పదకొండు మంది గుంపుగా చేరారు. టీ గ్లాసులు కడిగింది నేనే కాబట్టి లెక్క తప్పే ప్రసక్తి లేదు.

అప్పటికి మహమ్మారి ఇంకా పట్నంలోనే ఉంది. మా ఊళ్ళో ఒక్కరికీ రాలేదు. రాకముందే దాన్ని పొలిమేర దాటించాలని మా ఆయన కంకణం కట్టుకున్నారు. ఆయనకు పిండిమర ఉంది. మర చప్పుడుని మించిన గొంతు కూడా ఉంది. గోధుమలు ఆడించుకోవడానికి వచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఆయన చెప్పేది వినక చస్తారా? అలా ఆయన రక్షణ కమిటీకి అధ్యక్షుడయ్యారు. ఎరువుల కొట్టాయన ఉపాధ్యక్షుడు. బడి మూతబడి, ఈల ఊదితే పరిగెత్తే పిల్లలు లేక అల్లాడిపోతున్న డ్రిల్లు మాస్టారు కార్యదర్శి. మిగతా ఎనిమిది మందీ సభ్యులు, అంటే తలూపడానికి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని తీర్మానాల పుస్తకం నా చేతికిచ్చారు. రాయడం నా వంతు, మాట్లాడటం వాళ్ళ వంతు, టీ మళ్ళీ నా వంతు.

మొదటి సమావేశం మర వెనక గోదాములో జరిగింది. కూర్చోగానే డ్రిల్లు మాస్టారికి ఒక ధర్మసందేహం వచ్చింది.

"ఇంతమందిమి ఒకచోట చేరామని ఊళ్ళో ఎవరైనా చూస్తే బాగుండదేమో అధ్యక్షా."

"నిజమే. తలుపులెయ్యండి" అన్నారు మా ఆయన.

తలుపులేశారు. ఇక మేము గుమిగూడినట్టు ఎవరికీ తెలియదు, రోగానికి కూడా తెలియదని కాబోలు మాస్కులు గడ్డం కిందికి లాగేశారు. మాస్కు పెట్టుకుంటే మాట స్పష్టంగా రాదట. ఊరి ప్రాణాల గురించిన మాట కదా, నంగినంగిగా ఉంటే ఎలా?

రెండు గంటలు వాదించుకున్నాక తేలిందేమిటంటే, పని మీద బయటికి వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు, సరదాకి వెళ్ళేవాళ్ళు వెళ్ళకూడదు. కూలీలు ముప్పై మంది ఒకే ట్రాక్టరు ట్రక్కులో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పొలానికి పోతే అది పని. ఒక మనిషి ఒంటరిగా కాలవ గట్టు మీద గాలికి నడిస్తే అది సరదా. రోగం ట్రక్కుని చూసి, పాపం కష్టజీవులని జాలిపడి పక్కకి తప్పుకుంటుంది. గట్టు మీద షికారు కొట్టేవాణ్ణి చూస్తే మాత్రం దానికి ఒళ్ళు మండుతుంది. ఇదీ సిద్ధాంతం.

ఆరోగ్య కేంద్రం నర్సమ్మ పిండి ఆడించుకోవడానికి వచ్చినప్పుడు ఈ మాట విని ముక్కున వేలేసుకుంది. "బయట ఒక్కడే ఉన్న మనిషి గురించి నాకు బెంగలేదయ్యా. తలుపులేసుకుని కబుర్లాడేవాళ్ళని చూస్తేనే నాకు భయం" అంది. ఆవిడ వెళ్ళాక డ్రిల్లు మాస్టారు పెదవి విరిచారు. సూదులేసుకునే మనిషికి పరిపాలన ఏం తెలుస్తుందన్నారు.

ఇక అసలు చిక్కు మా ఇంట్లోనే ఉంది. అది మా మావయ్య, మా ఆయన్ని కన్న తండ్రి.

మావయ్య ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పిండిమర నడిపారు. ఊరి జనమంతా ఆ పిండి తిన్నారు, ఆయన ఒక్కరే పీల్చారు. ఊపిరితిత్తుల నిండా పిండి పేరుకుందని, మర ఛాయలకి పోకుండా రోజూ నాలుగు గంటలైనా ఆరుబయట గాలిలో కూర్చోమని డాక్టరు చెప్పాడు. ఊరికే కూర్చోవడం ఆ చేతులకు అలవాటు లేదు. అందుకని గాలం పట్టుకున్నారు. పొద్దున్నే వెదురు కర్ర, ఎర డబ్బా, మడత కుర్చీ పట్టుకుని అరమైలు దూరంలో ఉన్న కాలవకి వెళ్ళేవారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చేవారు. ఇంట్లో ఉంటే ఆయన ఛాతీ బిరడా సరిపోని సీసాలా ఈలేస్తూ ఉండేది. కాలవ నుంచి వచ్చాక సాయంత్రం దాకా ఆ చప్పుడుండేది కాదు. వాన పడి వెళ్ళలేని రోజున మళ్ళీ మొదలు. ఇది డాక్టర్లు చెబితే తెలిసింది కాదు, పక్క గదిలో పడుకునే నాకు చెవులున్నాయి కాబట్టి తెలిసింది.

ఆయనకో వింత అలవాటు. పట్టిన చేపను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, కొక్కెం తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఊరంతా దీన్ని పిచ్చి కింద జమకట్టింది. నేనోసారి అడిగాను.

"నాకు పట్టుకోవడం ఇష్టమమ్మా. దానికి చావడం ఇష్టముండదు. ఇద్దరికీ కుదిరేలా చూసుకుంటున్నా" అన్నారు.

ఈ పెద్దమనిషి మీద కమిటీ ఒక మధ్యాహ్నమంతా చర్చించింది. తినడానికి చేపలు పడితే జీవనాధారం, అనుమతి ఉంది. మరి పట్టి వదిలేస్తే? అది పని కాదు, పనిలా కనిపించే సరదా. అసలు సరదా కంటే ప్రమాదకరం అన్నారు ఎరువుల కొట్టాయన. తలూపే ఎనిమిది మందీ తలూపారు. నేను తెగించి, ఆయన ఆరోగ్యానికి గాలి అవసరమని డాక్టరు చెప్పిన మాట గుర్తుచేశాను.

"సొంత తండ్రికి మినహాయింపు ఇచ్చాడని రేపు ఊరు నా మొహాన ఉమ్మెయ్యదూ?" అన్నారు మా ఆయన. ఇంట్లో తువ్వాలు ఎక్కడుందో ఆయనకు తెలియదుగానీ, న్యాయం ఎక్కడుందో మాత్రం బాగా తెలుసు.

ఆ రోజు రాసిన తీర్మానం నాకింకా కంఠతా వచ్చు. గాలం వేసేవారు తిరుగు దారిలో కనీసం ఒక చేపనైనా తనిఖీకి చూపవలెను. చూపనిచో అది వినోదయాత్రగా పరిగణించబడును.

ఊరి చివర అడ్డంగా కట్టిన వెదురు గడ దగ్గర డ్రిల్లు మాస్టారు ఈలతో సహా కాపలా కాసేవారు. మొదటి రోజు మావయ్య ఖాళీ సంచీతో వచ్చారు. ఈల మోగింది. ఏడు పదులు దాటిన మనిషిని అటెన్షన్‌లో నిలబెట్టి హెచ్చరిక ఇచ్చారు. మావయ్య ఇంటికొచ్చి కుర్చీ గోడకి ఆనించి, "ఒక చేపని చంపితే రోజూ వెళ్ళనిస్తారటమ్మా" అన్నారు. అనేసి అన్నం తినకుండా పడుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

మర్నాడు పొద్దున వీధి మొగలో చేపలమ్మే ఆవిడ దగ్గర ఒక చేప కొన్నాను. తడిగుడ్డలో చుట్టి మావయ్య సంచిలో పెట్టాను.

"దీన్ని తీసుకెళ్ళి, మళ్ళీ దీన్నే తీసుకురండి" అన్నాను.

ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. అత్తయ్య పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. చేపను వెంటబెట్టుకుని చేపలు పట్టడానికి వెళ్ళిన మనిషి లోకంలో ఇంకొకరు ఉండరు. కాలవలో పట్టినవన్నీ వదిలేశారు, సంచిలో ఉన్నది చూపించారు. డ్రిల్లు మాస్టారు భుజం తట్టి, ఇప్పుడు దారిలోకొచ్చారన్నారు.

రోజుకో చేప కొనడం దండగని నేను దాన్నే ఫ్రిజ్‌లో పెట్టి రెండో రోజూ పంపాను. అదీ గడిచింది. మూడో రోజుకి ఆ చేప మా ఇంటి ఫ్రిజ్‌నీ, వెదురు గడనీ రెండింటినీ విసుక్కుంటున్నట్టు మొహం పెట్టింది. డ్రిల్లు మాస్టారికి అనుమానం వచ్చింది. రోగాలు రాకుండా కాపాడే అధికారి కదా, మాస్కు కిందికి లాగి, ముక్కు సంచిలో పెట్టి మరీ వాసన చూశారు.

"ఇది చచ్చి మూడు రోజులైంది. ఎక్కడిది?"

"మా కోడలు కొన్నదయ్యా" అన్నారు మావయ్య.

అబద్ధమాడటం చేతకాని మనిషికి దొంగచేప అప్పగించడం నా బుద్ధితక్కువ.

ఆ సాయంత్రం మా ఇంట్లోనే అత్యవసర సమావేశం. అధ్యక్షుడి ఇంట్లోనే మోసం! మా ఆయన మొహం కందగడ్డయింది. మావయ్య ఇక గడప దాటకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. మావయ్య మంచం మీద కూర్చుని వింటున్నారు. "ఒరేయ్, నాకు ఇంట్లో ఊపిరాడదురా" అన్నారు కొడుకుతో.

"మీ ప్రాణం కోసమే నాన్నా. బయటంతా రోగం" అన్నారు మా ఆయన. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే నమ్మారు. అదే నా బాధ. వెధవ పని చేసేవాణ్ణి తిట్టి ఊరుకోవచ్చు. ప్రేమతో చేసేవాణ్ణి ఏం చెయ్యాలి?

అదే వారం గోదాము గోతాలతో నిండిపోయింది. కమిటీకి చోటు కరువైంది. మా ఇంట్లో పెద్ద గది మావయ్యదే. పెద్దాయన ఎలాగూ కదలరు, మేమంతా రోజూ వస్తే ఆయనకీ కాలక్షేపం అన్నారు ఎరువుల కొట్టాయన. అంత దయగల మాట కాదనడం ఎలా? ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మావయ్య మంచం చుట్టూ పదకొండు కుర్చీలు. ఆ గదికి వీధి వైపు రెండు కిటికీలున్నాయి.

"కిటికీలు వేసెయ్. వీధిలోవాళ్ళు చూస్తారు" అన్నారు మా ఆయన నాతో.

వేశాను. నా చేత్తోనే గడియ పెట్టాను.

"ఒక్క రెక్కయినా తీసి ఉంచమ్మా" అన్నారు మావయ్య.

"వాళ్ళు వెళ్ళగానే తీస్తాను మావయ్యా."

వెళ్ళాక కొన్ని రోజులు తీశాను. కొన్ని రోజులు పదకొండు గ్లాసులు కడిగి, పుస్తకంలో సాఫీగా ఎక్కించి, వంటలో పడి మర్చిపోయాను. ఇంట్లో గొడవ లేకపోతే చాలనుకున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

కమిటీ మాత్రం తెగ పనిచేసింది. డాబా మీద తాడాట ఆడుకునే అమ్మాయి బయట ఉన్నట్టా, ఇంట్లో ఉన్నట్టా అన్న ప్రశ్న మీద రెండు రోజులు కొట్టుకున్నారు. చివరికి కాళ్ళు నేల మీద ఉన్నంతసేపు ఇంట్లో, గాలిలో ఉన్నంతసేపు బయట అని తేల్చారు. సైకిలు తొక్కేవాడు వెనక పాలక్యాను కట్టుకుంటే పనివాడు, కట్టుకోకపోతే నేరస్థుడు. ఊళ్ళో ఖాళీ పాలక్యాన్లకి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఇవన్నీ మూసిన గదిలో, ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ, అరుచుకుంటూ తేల్చిన సంగతులు. మధ్యలో మంచం మీద మావయ్య, ఛాతీలో ఆ ఈల. దాని చప్పుడు చర్చకు అంతరాయంగా ఉందని డ్రిల్లు మాస్టారు ఒకరోజు కాస్త గొంతు పెంచాల్సి వచ్చింది కూడా.

ఎరువుల కొట్టాయన సరుకు కోసం మూడు రోజులకోసారి పట్నం వెళ్ళొచ్చేవారు. అది పని కదా, అనుమతి ఉంది. ఒక మంగళవారం ఆయన దగ్గుతూ వచ్చారు. ఎరువు దుమ్మన్నారు. బుధవారమూ దుమ్మే. గురువారం నుంచి ఆయన రాలేదు. ఆపై వారం కుర్చీలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతూ వచ్చాయి. ఆరుగురికి జ్వరం. మా ఆయనకి ఒళ్ళు నొప్పులు, నాకు నాలుక్కి రుచి పోయింది. అందరం వారం తిరిగేసరికి లేచి తిరిగాం.

మావయ్య లేవలేదు. ఆయన పెదాలు నల్లబడిన మధ్యాహ్నం నర్సమ్మ వచ్చి, గదిలో అడుగుపెడుతూనే కిటికీలకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. ఒక మాట అని ఉంటే బాగుండేది. తనే ఫోన్లు చేసి పట్నం ఆసుపత్రిలో మంచం సంపాదించింది. మావయ్య అక్కడ పంతొమ్మిది రోజులున్నారు. మాకెవరికీ లోపలికి అనుమతి లేదు. అద్దం తలుపు బయట బెంచీ మీద మా ఆయన రోజంతా కూర్చునేవారు. ఆయన్ని చూస్తే కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

ఊళ్ళో ఈలోగా ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిలిపోయింది. ఇంత కట్టుదిట్టం చేసినా రోగం ఎలా వచ్చింది? మా ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఒక రాత్రి, కోలుకున్న కమిటీ మళ్ళీ కూర్చుంది, తలుపులు వేసుకునే. పట్టుమని పది నిమిషాల్లో డ్రిల్లు మాస్టారు కనిపెట్టేశారు. కాలవ! కాలవ నీళ్ళు పట్నం మీదుగానే వస్తాయి. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టింది ఎవరు? ఆజ్ఞలు మీరి, దొంగచేపతో మూడు రోజులు తిరిగింది ఎవరు?

మా ఆయన తలవంచుకున్నారు. కార్యదర్శి చెబుతుంటే నేను రాశాను. సరదాకై కాలవ వద్దకు వెళ్ళిన వృద్ధుని మూలముగా వ్యాధి గ్రామమున ప్రవేశించినది. అక్షరాలు ఎప్పటిలా గుండ్రంగానే వచ్చాయి. వాళ్ళు చెప్పింది రాయడమే నా పని అనుకున్నాను. ఆ ముక్క రాస్తున్నప్పుడు చెయ్యి వణికిందని చెప్పుకుంటే బాగుంటుంది కానీ వణకలేదు.

మావయ్య బతికి ఇంటికొచ్చారు. వెంట ఆక్సిజన్ మిషను వచ్చింది. మంచం మీంచి గుమ్మం దాకా నాలుగడుగులు వేస్తే ఆయన గోడ పట్టుకుని నిలబడిపోతున్నారు. కాలవ అరమైలు. ఆ దూరం ఇక ఆయనకు లేదని డాక్టరు మెల్లగానే చెప్పాడు.

మూడో రోజు కమిటీ మొత్తం పరామర్శకి వచ్చింది. పదకొండు మందీ లోపలికొచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. మావయ్య నన్ను పట్టుకుని లేచి కూర్చున్నారు. ముక్కుకి గొట్టాలున్నాయి. మాట మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

"మీరంతా వచ్చారు... మంచిదయింది. ఆసుపత్రికి మాస్టారు... ఫోను చేసి చెప్పారు. నా వల్లనే మీ అందరికీ... నన్ను క్షమించండర్రా. ముసలాణ్ణి. ఒక్కణ్ణే కూర్చుంటున్నా కదా... ఎవరికేం నష్టమనుకున్నా. నా సరదా... మీ ప్రాణాల మీదికి తెచ్చింది."

ఫోను సంగతి నాకు తెలియదు. పంతొమ్మిది రోజులు ఊపిరి కోసం కొట్టుకుంటూ ఈయన మోసిన బరువు ఇదన్నమాట.

"ఫర్వాలేదు లెండి పెద్దాయనా" అన్నారు ఎరువుల కొట్టాయన. పెద్ద మనసు కదా, క్షమించేశారు. "జరిగిందేదో జరిగిపోయింది. మేమెవరమూ మనసులో పెట్టుకోలేదు."

"తప్పు తెలుసుకున్నారు, అది చాలు" అన్నారు డ్రిల్లు మాస్టారు. తలూపే ఎనిమిది మందీ తలూపారు.

నేను మా ఆయనకేసి చూశాను. ఆగి చూశాను. మర చప్పుడుని మించే ఆ గొంతు ఇప్పుడైనా లేస్తుందని ఎదురుచూశాను. ఆయన తన కాలి బొటనవేలు చూసుకుంటున్నారు.

"మీరు తేలేదు మావయ్యా" అన్నాను.

"ఊరుకో" అన్నారు మా ఆయన చిన్నగా.

"ఇన్నాళ్ళూ ఊరుకున్నానుగా. మావయ్యా, మీరు ఆఖరిసారి కాలవకి వెళ్ళిన ఇరవై నాలుగో రోజున మీకు జ్వరం వచ్చింది. ఆ రోజులన్నీ మీరు ఈ మంచం మీదే ఉన్నారు. రోగం మీ దగ్గరికి నడిచొచ్చింది. వీళ్ళు రోజూ తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. కిటికీలు మూసింది నేను. మీ వల్ల వచ్చిందని పుస్తకంలో రాసింది కూడా నేనే."

"అమ్మాయ్, మాటలు జాగ్రత్త" అన్నారు డ్రిల్లు మాస్టారు. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ మెళ్ళో ఈల మీదికి పోయింది.

మావయ్య ఆయన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. కొడుకునే చూస్తున్నారు.

"నిజమేనా?"

"అదికాదు నాన్నా. ఊరి మంచికని..."

"నిజమేనా అని... అడిగా."

మా ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. "నిజమే నాన్నా" అన్నారు.

మావయ్య చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. కాపురానికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. అప్పుడూ పెంచలేదు, పెంచడానికి అందులో గాలి లేదు.

"బయటికి పొండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. ఆయన ఇంకోసారి అనడానికి నోరు తెరిచి, మాట రాక, చేత్తో గుమ్మం చూపించారు. ఆ చెయ్యి కిందికి దిగకపోయేసరికి ఒక్కొక్కరూ కదిలారు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, ఎనిమిది మంది సభ్యులు. వాళ్ళు వెళ్ళాక నేను ఆయన వీపు వెనక దిండు సర్దబోయాను. ఆయన నా చెయ్యి పక్కకి తీసేశారు.

"నువ్వు కూడానమ్మా" అన్నారు.

వెళ్ళాను. పన్నెండు మందిమీ వాకిట్లో ఎండలో దూరదూరంగా నిలబడ్డాం. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. తెరిచిన గుమ్మంలోంచి ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు అందరికీ వినిపిస్తోంది. వెళ్ళిపోవాలని ఉన్నా, ముందుగా అడుగు వెయ్యడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.